అడుగడుగునా కథ

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా లేపాక్షి అనే ఊరు ఉంది. అక్కడి వీరభద్రస్వామి ఆలయాన్ని 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో కట్టారు. ఆ ఆలయపు గోడ ఒకదానిమీద రెండు ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. చూడవచ్చినవారిని ఆ గోడ ముందు నిలబెట్టి అక్కడివారు ఒక కథ చెబుతారు. రాజుగారి కోశాధికారి విరూపణ్ణ ఖజానా సొమ్ముతో ఈ గుడి కట్టించాడట. ఆయన సొమ్ము కాజేశాడని కొందరు రాజుకు చాడీలు చెప్పారట. రాజు శిక్ష విధించేలోగా విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి ఈ గోడకేసి కొట్టాడట. ఆ కళ్ల గుర్తులే ఈ మచ్చలని చెప్పి, ఆ మనిషి గోడవైపు వేలు చూపిస్తాడు.

ఇది చరిత్రా, కల్పనా అన్నది వేరే ప్రశ్న. ఇదే కథను మీరు ఇప్పుడు తరగతి గదిలో కూర్చుని చదివారు. బాగానే ఉంది. కాని ఆ గోడ ముందు నిలబడి విన్నవాడికి ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ కథలో సగం మాటల్లో ఉంటే, మిగతా సగం ఎదుట ఉన్న రాతిలో ఉంటుంది. మన స్థలపురాణాలన్నీ ఇలాంటివే. ‘ఇక్కడే’, ‘ఈ రాతిమీదే’, ‘ఈ మెట్టు దగ్గరే’ అన్న మాటలు లేకుండా అవి నడవవు.

ఆ కథ చెప్పే మనిషి చేసే పని కూడా గమనించదగినది. అతడు అందరికీ ఒకేలా చెప్పడు. ఎదుట పిల్లలుంటే కొంత మెత్తగా చెబుతాడు. శిల్పం దగ్గర మీరు ఎక్కువసేపు ఆగితే ఆ శిల్పం సంగతి ఇంకొంచెం చెబుతాడు. మీరు తొందరలో ఉంటే నాలుగు మాటల్లో ముగిస్తాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు కథ మొదలుపెట్టేముందు “ఊ కొట్టాలి మరి” అని షరతు పెట్టేది ఇందుకే. వినేవాడి ‘ఊ’ను బట్టి కథ సాగుతుంది, ఆగుతుంది, మలుపు తిరుగుతుంది.

స్థలాన్ని చూసీ, వినేవాడిని చూసీ కథ చెప్పే ఈ పనిని ఒక యంత్రం చేయగలదా? గడిచిన పాతికేళ్లలో ప్రపంచంలో కొన్నిచోట్ల ఇందుకోసం సెల్‌ఫోన్‌తోనూ, దానికి ముందు వచ్చిన చేతి కంప్యూటర్లతోనూ ప్రయత్నాలు జరిగాయి. కథను ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క చోటికి ముడివేస్తారు. వినేవాడు ఆ చోటికి నడిచి వెళితేనే ఆ ముక్క వినిపిస్తుంది. అతడు ఏ దారిన వెళ్లాడు, ఎక్కడ ఆగాడు, ఎటు మళ్లాడు అన్నదాన్నిబట్టి కథ మారుతుంది. ఇక్కడ వినేవాడి అడుగే ‘ఊ’ కొట్టడం అన్నమాట.

ఇది జరగాలంటే ఫోన్‌కు తానెక్కడ ఉన్నదో ముందు తెలియాలి. ఎలా తెలుస్తుంది?

మీరు కళ్లకు గంతలు కట్టుకుని ఊళ్లో ఎక్కడో నిలబడి ఉన్నారనుకోండి. “నువ్వు గుడికి 200 అడుగుల దూరంలో ఉన్నావు” అని ఒకరు చెప్పారు. అంతమాత్రాన మీరెక్కడున్నారో తేలదు. గుడి చుట్టూ 200 అడుగుల దూరంలో ఎక్కడైనా ఉండవచ్చు. “బడికి 300 అడుగుల దూరంలో ఉన్నావు” అని మరొకరు చెబితే మీరుండగల చోట్లు రెండుకు తగ్గుతాయి. “బావికి 100 అడుగుల దూరం” అని మూడోవారు కూడా చెబితే ఇక సందేహం ఉండదు. ఫోన్ చేసే లెక్క దాదాపు ఇదే. గుడి, బడి, బావులకు బదులు ఆకాశంలో ఉపగ్రహాలు ఉంటాయి.

అమెరికా ప్రభుత్వం మొదట తన సైన్యం కోసం ఏర్పాటు చేసుకున్న జి.పి.ఎస్. అనే ఉపగ్రహ వ్యవస్థ 1995 నాటికి పూర్తిగా పనిలోకి వచ్చింది. దాని ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఉపగ్రహమూ తన గడియారంలోని సమయాన్నీ, తానున్న చోటునూ రేడియో సంకేతంగా పంపుతూ ఉంటుంది. ఆ సంకేతం కాంతి వేగంతో, అంటే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అది చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి ఫోన్ దూరాన్ని లెక్కిస్తుంది. సెకనులో పదిలక్షల వంతు పొరపాటు వచ్చినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఫోన్‌లోని గడియారం అంత ఖచ్చితమైనది కాదు కనుక, ఆ లోటు సవరించుకోవడానికి నాలుగో ఉపగ్రహం సంకేతం కూడా కావాలి.

మనదేశం కూడా ఇలాంటి వ్యవస్థను సొంతంగా రూపొందించుకుంది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలైలో శ్రీహరికోట నుండి ప్రయోగించారు. 2016లో ఆ వ్యవస్థకు ‘నావిక్’ అని పేరు పెట్టారు. నావికుడు అన్న మాట మీకు తెలిసినదే.

2000 సంవత్సరానికి ముందు జి.పి.ఎస్. సంకేతాలను సాధారణ ప్రజలు వాడుకోవచ్చు గాని, అమెరికా సైన్యం వాటిలో కావాలనే కొంత తప్పు కలిపి పంపేది. అందువల్ల సుమారు 100 మీటర్ల వరకూ తేడా వచ్చేది. 100 మీటర్ల తేడాతో కథ చెప్పడమంటే, లేపాక్షి గోడ కథను ఊరి సంతలో నిలబడి చెప్పినట్లే. 2000 మే 2న ఆ కలిపే తప్పును ఆపివేశారు. మరునాడే అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన ఒక బకెట్‌లో కొన్ని వస్తువులూ, ఒక పుస్తకమూ పెట్టి అడవిలో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. కొద్దిరోజుల్లోనే ఇతరులు వెతుక్కుంటూ వెళ్లి దాన్ని కనుగొని, పుస్తకంలో తమ పేర్లు రాశారు. ఈ దాగుడుమూతల ఆట తరువాత దేశదేశాలకు పాకింది. చోటును ఖచ్చితంగా గుర్తించగలిగిన యంత్రం చేతికి రాగానే మనుషులకు మొదట ఆటే తట్టింది. కథ కూడా ఎక్కువకాలం ఆగలేదు.

కథ తయారుచేసేవారు ముందుగా పటంమీద గిరులు గీసుకుంటారు. లక్ష్మణుడు పర్ణశాల చుట్టూ గీసిన గిరి సంగతి మీకు తెలుసు. అది దాటితే ఒక సంఘటన జరుగుతుంది. ఇదీ అలాంటిదే, కాకపోతే నేలమీద కనిపించదు. ‘ఈ చెట్టు చుట్టూ 20 మీటర్ల గిరి. ఇందులోకి ఫోన్ ప్రవేశించగానే ఈ మాటలు వినిపించాలి’ అని యంత్రానికి ఆదేశిస్తారు. అలాంటి గిరులు పదో, ఇరవయ్యో గీస్తే ఒక కథ అవుతుంది.

ఈ పద్ధతిలో వచ్చిన తొలి రచనలలో ఒకదాని గురించి కొంత వివరంగా తెలుసుకోవాలి. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో క్వీన్ స్క్వేర్ అనే విశాలమైన చతురస్రపు మైదానం ఉంది. చుట్టూ పాతకాలపు భవనాలు, మధ్యలో పచ్చిక, చెట్లు, నడుమ గుర్రంమీద కూర్చున్న మూడవ విలియం రాజు విగ్రహం. ఇప్పుడది జనం తీరికగా కూర్చునే ప్రశాంతమైన చోటు. కాని 1831 అక్టోబరు చివరలో మూడురోజులపాటు ఆ మైదానం తగలబడింది.

ఆ కాలంలో ఇంగ్లండులో ఓటుహక్కు కొద్దిమందికే ఉండేది. దాన్ని మరికొందరికి విస్తరించే బిల్లును ఆ అక్టోబరులో ప్రభువుల సభ తిరస్కరించింది. ఆ బిల్లును గట్టిగా వ్యతిరేకించిన చార్లెస్ వెదరెల్ అనే న్యాయాధికారి అక్టోబరు 29న కోర్టు నడపడానికి బ్రిస్టల్ వచ్చాడు. జనం ఆగ్రహం కట్టలు తెంచుకుంది. ఆయన బసచేసిన భవనాన్ని ముట్టడించారు. ఆయన ఎలాగో తప్పించుకున్నాడు. మైదానానికి రెండువైపులా ఉన్న భవనాలు దోపిడీకి గురై, కాలిపోయాయి. చెరసాలల తలుపులు బద్దలయ్యాయి. గుర్రపు దండు అధిపతి బ్రెరటన్ జనంమీద కత్తి ప్రయోగించడానికి వెనుకాడాడు. చివరకు గుర్రపు దండు జనాన్ని నరుకుతూ వెళ్లింది. ఆ తరువాత విచారణలు జరిగాయి. నలుగురిని ఉరితీశారు. బ్రెరటన్ కూడా సైనిక న్యాయస్థానం ముందు నిలబడవలసి వచ్చింది. 1832లో ఓటుహక్కును విస్తరించే చట్టం వచ్చింది.

2004 వసంతకాలంలో అదే మైదానంలో, ఇవే సంఘటనల ఆధారంగా ‘రయట్! 1831’ అనే శబ్దనాటకాన్ని ఏర్పాటు చేశారు. దీన్ని లిజ్ మిల్నర్, రాల్ఫ్ హోయ్‌ట్ రచించారు. కంప్యూటర్ల సంస్థ హ్యూలెట్-ప్యాకర్డ్ వారి పరిశోధనశాల ఇందులో పాలుపంచుకుంది. అప్పటి సెల్‌ఫోన్లలో జి.పి.ఎస్. సాధారణంగా ఉండేది కాదు. అందుచేత వచ్చినవారికి ఒక చిన్న సంచి ఇచ్చేవారు. అందులో అరచేతిలో ఇమిడే కంప్యూటరు, జి.పి.ఎస్. పరికరం ఉండేవి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైదానంలోకి నడవడమే ప్రేక్షకుడి పని. ఎటు నడవాలో ఎవరూ చెప్పరు.

ఒక మూలకు వెళితే భవనాలను దోచుకునేవారి కేకలు. మరోవైపు నడిస్తే మంటల చిటపటలు. ఇంకొక చోట ప్రాణభయంతో పారిపోయే వర్తకుల మాటలు. మరికొంత దూరంలో దూసుకువచ్చే గుర్రపు దండు, కత్తివేట్లు, ఆర్తనాదాలు. ఇవన్నీ చెవిలో. కంటి ఎదుట మాత్రం పచ్చిక, ఎండ, బెంచీమీద కూర్చుని రొట్టె తినే మనిషి. ఆ బెంచీమీది మనిషికి ఏమీ వినిపించదు. వినేవాడొక్కడే రెండు కాలాల్లో నిలబడి ఉంటాడు.

రంగస్థలంమీద మంటలు చూపించడానికి ఎంతో శ్రమపడాలి. సినిమాలో అయితే వీధి మొత్తం కట్టి తగలబెట్టాలి. ఇక్కడ ఏమీ చూపించనవసరం లేదు. జరిగిన చోటు అక్కడే ఉంది. ఆ విగ్రహం అల్లర్లనాడు కూడా అక్కడే ఉంది. కాలిపోయిన భవనం ఎక్కడ నిలిచి ఉండేదో ఆ చోటనే నిలబడి దాని కథ వింటున్నప్పుడు, ‘ఇక్కడే’ అన్న ఒక్క మాట ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది. లేపాక్షి గోడ చేసే పనీ ఇదే.

కోటల్లో, మహళ్లలో జరిగే ధ్వని-కాంతి ప్రదర్శనలు మీలో కొందరు చూసి ఉంటారు. గోల్కొండ కోటలోనూ, మదురైలో తిరుమల నాయకుని మహలులోనూ అలాంటివి ఏర్పాటు చేశారు. చరిత్రను జరిగిన చోటనే వినిపించడం వాటిలోనూ ఉంది. అయితే అక్కడ మనం కుర్చీలో కూర్చుంటాం. కథ మొదటినుండి చివరివరకూ ఒకే వరుసలో సాగుతుంది. మనం లేచి వెళ్లిపోయినా అది ఆగదు. బ్రిస్టల్ నాటకంలో మనం కదలకపోతే కథా కదలదు.

ఇక్కడే రచయితకు పెద్ద చిక్కు వస్తుంది. వినేవాడు ఎటైనా నడవవచ్చు గనుక, ముగింపు ముందు వినవచ్చు, ఆరంభం చివర వినవచ్చు, నడుమ ఉన్నది అసలు వినకపోవచ్చు. ‘అప్పుడు’, ‘ఆ తరువాత’ అన్న మాటలమీద ఆధారపడి కథ చెప్పడానికి వీలులేదు. బ్రిస్టల్ రచయితలకు ఈ చిక్కు అంతగా అడ్డురాలేదు. అల్లరిలో చిక్కుకున్న మనిషికి కూడా వరుస తెలియదు కదా! ఎటు పరుగెత్తితే అక్కడి కేకలే వినిపిస్తాయి. వారు ఎన్నుకున్న వస్తువూ, ఎన్నుకున్న పద్ధతీ చక్కగా కలిశాయి. అందుకే ఆ నాటకాన్ని ఇంత వివరంగా చెప్పవలసి వచ్చింది. అన్ని కథలకూ ఇది కుదరదు.

వరుస తప్పకూడని కథ అయితే గిరికి తాళం వేస్తారు. ఒక పాత సత్రం కథ చెబుతున్నామనుకోండి. తాళంచెవి బావిలో పడిపోయిన సంగతి బావి దగ్గర చెప్పాలి. సత్రం తలుపు ఎందుకు పగలగొట్టారో సత్రం దగ్గర చెప్పాలి. బావి దగ్గరి ముక్క వినకుండా నేరుగా సత్రానికి వెళ్లినవాడికి, “ఈ తలుపు చూశావా? దీని తాళంచెవి ఎక్కడుందో బావిని అడుగు” అన్న ఒక్క వాక్యమే వినిపిస్తుంది. బావి దగ్గరికి వెళ్లి వచ్చినవాడికి పూర్తి కథ తెరుచుకుంటుంది. వినేవాడు ఏమేమి విన్నాడో ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది కనుక ఇది సాధ్యమవుతుంది. ఇలాగే ఒక చోటికి రెండోసారి వచ్చినవాడికి వేరే మాటలు వినిపించవచ్చు. పగలు వచ్చినవాడికి ఒకటి, చీకటి పడ్డాక వచ్చినవాడికి ఒకటి వినిపించవచ్చు.

యంత్రం ఇచ్చే ఈ వెసులుబాట్లన్నీ వాడుకోవాలన్న ఉబలాటం కొందరు రచయితలకు ఎక్కువ. పది తాళాలూ, ఇరవై మలుపులూ పెట్టి వినేవాడిని ఎండలో ఊరంతా తిప్పితే అతడికి మిగిలేది కాళ్లనొప్పులే. రెండు మంచి చోట్లు, రెండు మంచి ముక్కలు ఉన్న కథే మేలు.

గిరుల విషయంలో మరొక ఇబ్బంది ఉంది. ఆరుబయట, ఆకాశం బాగా కనిపించేచోట ఫోన్ తన స్థానాన్ని అయిదారు మీటర్ల తేడాతో చెప్పగలదు. ఎత్తయిన కట్టడాల నడుమ సన్నటి సందుల్లో సంకేతాలు గోడలకు తగిలి మళ్లి రావడంవల్ల తేడా బాగా పెరుగుతుంది. ఇంటి లోపల సంకేతమే సరిగా అందదు. అందుచేత పక్కపక్క గడపలకు వేర్వేరు గిరులు గీస్తే ఎదురింటి కథ ఈ ఇంటి ముందు వినిపిస్తుంది. మైదానం, చెరువుగట్టు, కోట, నాలుగు వీధుల కూడలి వంటివి ఇందుకు అనుకూలం.

ఉపగ్రహాలతో పనిలేకుండా కూడా ఇలాంటి కథలు చెప్పవచ్చునని కెనడాలోని టొరంటో నగరంలో కొందరు నిరూపించారు. 2003లో వారు కెన్సింగ్టన్ మార్కెట్ అనే పేటలో ‘మర్మర్’ అన్న ప్రయత్నం మొదలుపెట్టారు. వీధి స్తంభాలకు చెవి ఆకారంలో ఆకుపచ్చ రంగు బోర్డులు కట్టారు. బోర్డుమీద ఒక ఫోన్ నంబరూ, ఆ చోటి సంఖ్యా ఉండేవి. దారిన పోయేవారు తమ సెల్‌ఫోన్ తీసి ఆ నంబరుకు ఫోన్ చేసి, ఆ సంఖ్య నొక్కితే, ఆ చోటికి సంబంధించిన ఒక జ్ఞాపకం వినిపించేది. చెప్పేవారు చరిత్రకారులు కారు. ఆ పేటలో నివసించినవారు, అంగళ్లు నడిపినవారు, అక్కడ పెరిగినవారు. ఈ మెట్లమీద ఎవరు ఎవరికోసం ఎదురుచూశారు, ఈ అంగడి ముందు ఏ గొడవ జరిగింది వంటి కొద్ది నిమిషాల ముచ్చట్లు. బ్రిస్టల్‌లో చరిత్ర పుస్తకాలకెక్కిన సంఘటనను చెప్పారు. టొరంటోలో ఏ పుస్తకానికీ ఎక్కని సంగతులను చెప్పారు. తరువాత డబ్లిన్, ఎడిన్‌బరో వంటి ఇతర నగరాల్లోనూ ఈ పద్ధతిని అనుసరించారు.

2007లో లండన్‌లో ‘బ్లాస్ట్ థియరీ’ అనే కళాబృందం మరొక అడుగు వేసింది. ‘రైడర్ స్పోక్’ అనే వారి ప్రదర్శనలో పాల్గొనేవాడు సైకిలుమీద ఒంటరిగా రాత్రివేళ నగరంలో తిరుగుతాడు. సైకిలుకు అమర్చిన పరికరం అతడిని ఒక ప్రశ్న అడుగుతుంది. అతడు తనకు నచ్చిన ఒక చోటు వెతుక్కుని, ఆగి, జవాబును తన గొంతుతో రికార్డు చేస్తాడు. ఆ జవాబు ఆ చోటనే ఉండిపోతుంది. ఆ తరువాత అక్కడికి వచ్చినవారికే అది వినిపిస్తుంది. చోటు గుర్తించడానికి వారు ఉపగ్రహాలను గాక, వీధుల్లోని వైఫై సంకేతాలను వాడుకున్నారు. ఇందులో వినేవాడే కథకుడు కూడా అయ్యాడు. 2012లో అమెరికాలో వచ్చిన ‘ది సైలెంట్ హిస్టరీ’ అనే ఫోన్ నవలలోనూ ఇలాంటి ఏర్పాటు ఉండేది. దానిలో కొన్ని భాగాలను, అవి జరిగిన చోటికి పది మీటర్ల లోపుకు వెళ్లినవారే చదవగలిగేవారు. అటువంటి భాగాలను పాఠకులు కూడా తమ ఊళ్లలో ఏదో ఒక చోటును ఎన్నుకుని రాసి పంపవచ్చు.

ఈ కొత్త విద్యలో హాని లేదని అనలేము. మొదటిది రోడ్డు. చెవులు మూసుకుని, కళ్లు ఫోన్‌కు అప్పగించి నడిచేవాడికి లారీ హారన్ వినిపించదు. మంచి రచయిత వాహనాలు తిరిగే చోట గిరి గీయడు. రెండవది, మనమెక్కడున్నామో ఫోన్‌కు తెలుస్తున్నప్పుడు ఆ సంగతి మరెవరికి తెలుస్తున్నదీ అనే ప్రశ్న. కథ వినడానికి ఇచ్చిన అనుమతిని కథ అయిపోగానే ఉపసంహరించుకోవడం మంచిది. మూడవది చోటుకు ఇవ్వవలసిన మర్యాద. 2016లో ‘పోకెమాన్ గో’ అనే ఫోన్ ఆట వచ్చినప్పుడు, ఊహాజీవులను పట్టుకోవడానికి జనం గుంపులుగా వీధులవెంట పడ్డారు. యూదుల మారణహోమంలో చనిపోయినవారి స్మృతికోసం వాషింగ్టన్‌లో నెలకొల్పిన సంగ్రహాలయంలో కూడా ఆ ఆట ఆడసాగారు. ఇక్కడ ఆడవద్దని సంగ్రహాలయంవారు కోరవలసి వచ్చింది. పటంమీద అన్ని చోట్లూ చుక్కలే. ఏ చుక్క దగ్గర నవ్వవచ్చు, ఏ చుక్క దగ్గర తల వంచాలి అన్నది పటం చెప్పదు.

నాలుగవది అంత తొందరగా కనిపించదు గాని, అన్నిటికన్నా పెద్దది. ఈ కథలు తొందరగా చచ్చిపోతాయి. బ్రిస్టల్ నాటకం మూడు వారాలే నడిచింది. దానికి వాడిన చేతి కంప్యూటర్ల తయారీ ఏనాడో ఆగిపోయింది. మైదానం ఉంది, విగ్రహం ఉంది, నాటి శబ్దనాటకాన్ని నాటిలాగే వినే సంచి మాత్రం లేదు. తాటాకుమీద రాసినది మూడు వందల ఏళ్లు నిలిచింది. ఫోన్‌లో పెట్టినది మూడేళ్లు నిలిస్తే గొప్ప. కనుక దీన్ని కథలను దాచే పెట్టెగా భావించకూడదు. ఇది కథను చేరవేసే బండి మాత్రమే. దాచుకోవడానికి కాగితమూ, విడిగా భద్రపరిచిన రికార్డూ ఉండాలి.

ఇంతవరకు దూరదేశాల సంగతులు చెప్పుకున్నాం. ఈ పాఠం చదివే మీలో చాలామంది తరతరాలుగా తెలుగునాడు బయట స్థిరపడిన కుటుంబాలకు చెందినవారు. మీ వీధి బోర్డుమీద తెలుగు ఉండకపోవచ్చు. ఆ వీధిని మీ తాతగారు పిలిచే పేరు పటంలో కనిపించకపోవచ్చు. సోలాపురంలో మగ్గాల శబ్దం మధ్య పెరిగిన పద్మశాలీల ముచ్చట్లు, యానాంలో 1954 జూన్‌లో ఫ్రెంచి పాలన ముగిసినప్పటి సంగతులు, 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రం నుండి ఒరిస్సాకు మారినప్పుడు బరంపురంలోని ఇళ్లలో సాగిన మాటలు ముఖ్యంగా పెద్దల నోళ్లలో నిలిచాయి. ఆ పెద్దలతోపాటు అవీ వెళ్లిపోతున్నాయి.

కోలారు బంగారు గనులను తీసుకోండి. 1880 ప్రాంతం నుండి నూరేళ్లకు పైగా అక్కడ నేలలోకి దిగి బంగారం తవ్వారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్లింది. ఆ గనుల్లో తమిళులూ, తెలుగువారూ, కన్నడిగులూ భుజం భుజం కలిపి పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం తీయగా మిగిలిన మన్ను పోసిన గుట్టలు మాత్రం పైన కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాడికి అవి ఒట్టి మట్టిగుట్టలు. ఒక గుట్ట దగ్గర నిలబడి, ‘నీ కాలికింద మూడు కిలోమీటర్ల లోతున మా నాన్న పనిచేశాడు’ అని ఒక ముసలిగొంతు చెబితే అతడు తన కాళ్లవైపు చూసుకోకుండా ఉండలేడు. దీనికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. ఒక గుట్ట, ఒక గొంతు, ఒక గిరి చాలు.

ఏ భాషలో చెప్పాలన్నది కూడా ఆలోచించాలి. గనిలో భుజం కలిపినవారి భాషలు మూడైతే, ఆ గుట్ట దగ్గరి కథ ఒక్క భాషలోనే ఎందుకుండాలి? ఒకే గిరిలో తెలుగు గొంతూ, తమిళ గొంతూ, కన్నడ గొంతూ పెట్టవచ్చు. హంపీ రాళ్లమీద కన్నడ, తెలుగు, సంస్కృత, తమిళ శాసనాలు పక్కపక్కనే బతికాయి. కాగితంమీద నాలుగు భాషలు అచ్చువేస్తే పుస్తకం నాలుగింతలవుతుంది. ఫోన్‌లో ఆ బరువు తెలియదు. తెలుగు చదవడం రాకపోయినా వింటే అర్థం చేసుకునే పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. చెవికి చెప్పే కథ వారికి కూడా అందుతుంది.

మీ తరగతిలో ఇలాంటిది ప్రయత్నించాలంటే మొదట ఫోన్ అవసరం లేదు. ఒక పెద్ద కాగితంమీద మీ పేట పటం గీయండి. మీకు తెలిసిన అయిదారు చోట్లను గుర్తించండి. గుళ్లూ, మసీదులూ, చర్చీలూ ఎవరైనా గుర్తిస్తారు. మూతపడిన మిల్లు గేటు, పూడిపోయిన బావి, వీధి చివరి అరుగు, పాత రైల్వేగేటు వంటివి కూడా వెతకండి. ఆ చోటు తెలిసిన పెద్దవారి దగ్గరికి వెళ్లి, వీలైతే వారిని అక్కడికే తీసుకువెళ్లి, చెప్పమని అడగండి. ఇంట్లో అడిగితే “ఏముంది, మామూలే” అనేవారు, ఆ చోట నిలబడగానే పది సంగతులు చెబుతారు. ఇంట్లోవారి ఫోన్‌లో రికార్డు చేయండి. నలుగురికీ వినిపించవచ్చునా అని తప్పక అడగండి. వద్దన్న ముక్కను తీసివేయండి. చెప్పిన తేదీ, చెప్పినవారి పేరు, చెప్పిన చోటు కాగితంమీద కూడా రాసి బడిలో భద్రపరచండి.

ఒక్కొక్క ముక్క రెండు నిమిషాలకు మించకుండా చూసుకోండి. నిలబడి వినేవాడికి అంతకన్నా ఓపిక ఉండదు. దాన్ని నేరుగా ఆ చోటుతో మొదలుపెట్టండి. ‘ఒకానొకప్పుడు’ అనవద్దు. ‘నీ ఎడమచేతివైపున్న గోడ చూడు’ అనండి. తరువాత పెద్దలెవరైనా సాయం చేస్తే వాటిని ఫోన్‌లో గిరులకు ముడివేయవచ్చు. లేదా టొరంటోవారిలాగా ఒక చిన్న బోర్డు కట్టి, ఇప్పుడు అంగళ్లలో డబ్బు చెల్లించడానికి వాడే చదరపు గుర్తువంటిది దానిమీద అంటించవచ్చు. ఫోన్‌తో దాన్ని చూపితే కథ వినిపిస్తుంది.

ఒకే బావి గురించి ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెప్పడం కూడా జరుగుతుంది. అది కరువులో ఊరంతా కలిసి తవ్వుకున్న బావి అని ఒకరంటే, కాదు, దాన్ని ఫలానావారి అవ్వ తన నగలు అమ్మి తవ్వించిందని మరొకరంటారు. ఎవరిది నిజమో తేల్చడానికి పాత దస్తావేజులు దొరికితే మంచిదే. దొరికేవరకు రెండూ ఉంచండి. మొదటిసారి బావి దగ్గరికి వచ్చినవాడికి ఒకటి వినిపించాలి. నీళ్లలోకి తొంగిచూసి, కాస్త దూరం నడిచి, మళ్లీ వెనక్కి వచ్చినవాడికి రెండోది వినిపించాలి.